అర్రకు లోపలి గడియ

తెలుగు సారు పోయారని చెప్పడానికి వాళ్లబ్బాయి ఫోన్ చేస్తే, నేను అతన్ని ఒక్క ముక్క కూడా మాట్లాడనివ్వలేదు. సారు నంబరు కనపడగానే, "సారూ, ఆడపిల్ల! మన పిల్లకు ఆడపిల్ల పుట్టింది!" అని భద్రాచలం దవాఖాన వరండా అదిరిపోయేట్టు అరిచేశాను. సారే వింటున్నారనుకున్నాను. "నల్లగ, ఒత్తుగ జుట్టు సారూ, మీరొచ్చి చూడాలె" అని ఇంకా ఏదేదో చెప్పుకుపోయాను. అప్పుడొక మెత్తని గొంతు వినిపించింది.

"నేనండీ, వాళ్లబ్బాయిని. నాన్నగారు తెల్లవారుజామున పోయారు. నిద్రలోనే. మీకు ముందుగా చెప్పాలని..." అని ఆగి, "పాప పుట్టినందుకు చాలా సంతోషమండీ" అన్నాడు.

తండ్రిని చాప మీద పడుకోబెట్టిన ఇంట్లో నిలబడి ఆ మాట అన్నాడు చూడండి. సారు పెంపకం అది.

ఫోను జేబులో పెట్టుకుని బల్ల మీద కూలబడ్డాను. నా మొహం మీద నవ్వు అట్లాగే ఉండిపోయింది. దాన్ని ఎట్లా తీసేయాలో తెలియలేదు. పక్కన కూర్చున్న ముసలామె ఎవరో "ఆడపిల్లనా తాతా? మిఠాయేది మరి?" అని అడుగుతోంది. నా ఒళ్లో సారు పాత గొడుగు ఉంది. నడుము దగ్గర వంగిపోయిన గొడుగు. ఎదురుగా ఆపరేషన్ గది తలుపులు రెండూ బిగించి ఉన్నాయి. ఆయా పసిగుడ్డును తెచ్చి చూపించి మళ్లీ లోపలికి తీసుకుపోయింది గానీ, నా బిడ్డ ఇంకా ఆ తలుపుల వెనకే ఉంది. మూసిన తలుపు వెనక ఒక్క క్షణం నిలవలేని పిల్ల. ఆ ఒక్కగానొక్క పిల్ల గురించి, ఆమె భయం గురించి ఈ లోకంలో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆ పొద్దున్నే వైరాలో కన్నుమూశారు.

మా ఇంటామె మందులు తీసుకుని మెట్లెక్కి వస్తుంటే సంగతి చెప్పాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని కొంచెంసేపు గోడకానుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని నా మీదికి వచ్చింది.

"బిడ్డకు చెప్పేవు! బాలింతకు చావు కబురు చెప్తరా ఎవరన్న? పురుడు వెళ్లేదాక నోరు తెరవకు."

"మరి నేను వైరా పోయొస్త. ఒక్కసారి మొఖం చూసొస్త."

"చావింటికి పోయొచ్చి పసిగుడ్డును ఎత్తుకుంటవా? ఏం మనిషివయ్యా! ఈడనే కూసో."

అక్కడే కూర్చున్నాను. నా సంతోషం చెప్పుకోవడానికి మనిషి లేడు. నా దుఃఖం చెప్పుకోవడానికి వీలు లేదు. పోదామంటే దారి లేదు. ఇప్పుడు పురుడు వెళ్లింది కాబట్టి, చెప్పవలసిన మనిషికి ఆ మాట తెలిసిపోయింది కాబట్టి, ఇట్లా మీ అందరి ముందు రాసుకుంటున్నాను. మీలో చాలామంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. నేను ఏడో తరగతి దగ్గర ఆగినవాణ్ని, బీడీలకు పోయే తునికాకు కల్లం దగ్గర ఆకు కట్టలు తిరగేసి ఎండబెట్టించిన చేయి ఇది. రాతలో తప్పులుంటే సారు ఎట్లాగూ దిద్దడానికి లేరు, మీరే దిద్దుకోండి.

సారు మా ఊరికి బదిలీ మీద వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఆయనది మధిర వైపు. మాట మెత్తన. ఎండలో గొడుగేసుకుని, చేతిలో రేకు పెట్టెతో మా వాకిట్లో నిలబడి, "ఇక్కడ గదేదైనా అద్దెకు దొరుకుతుందా అమ్మా?" అని మా ఇంటామెను అడిగారు.

"ఉన్నది ఒక్కటే అర్ర సారూ. అర్ర కిరాయికియ్యం. అండ్ల ఇత్తనాలుంటయి, ఇప్పపువ్వుంటది. కావాల్నంటే వసారా పొంటి కొట్టం ఉంది, చూసుకో."

సారు పెట్టె కింద పెట్టేశారు. "ఏమన్నారమ్మా? ఇంకోసారి అనండి."

"కొట్టం."

"కాదు, ముందన్నది."

"అర్ర."

ఆయన మొహం వెలిగిపోయింది. జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నారు. "మా వైపు ఈ మాట మా నాయనమ్మతోనే పోయింది. ఇక్కడ బతికే ఉందన్నమాట" అన్నారు.

ఆయన కొట్టం చూడ్డానికి అటు వెళ్లగానే మా ఇంటామె నాతో, "మనిషి మంచోడే ఉన్నట్టుండు గానీ, చేతులు కడుక్కుంటే సదువంత పోతది" అంది. ఆ మాట ఆయన విన్నారు. ఎన్నేళ్లయినా అన్నం ముందు కూర్చుని చేతులు కడుక్కున్నప్పుడల్లా "ఇదిగోనమ్మా, చదువంతా పోయింది" అనేవారు.

ఆయన సంగతులు చెప్పాలంటే ఎక్కడని మొదలుపెట్టను! చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్కలుండేవి. ఆ జేబు ఎన్ని ఉతుకులు ఉతికినా తెల్లగానే ఉండేది. కుక్కలంటే ప్రాణం పోయేంత భయం. మా ఊరి కుక్కలకు ఆ సంగతి తెలుసు. అన్ని కాలాల్లోనూ చేతిలో గొడుగుండేది, సగం కుక్కల కోసమే. మేం ఛత్రి అంటే ఆయన గొడుగు అనేవారు, రెండూ ఒప్పే అనేవారు. శనివారం సాయంత్రం బస్సెక్కి వైరాలో ఇంటికి వెళ్లి, సోమవారం పొద్దున్నే పిల్లలకు జామకాయలు పట్టుకుని దిగేవారు. విస్తట్లో ఏం వేసినా దాని పేరు అడిగి తినేవారు. "మాటకూ సొంతూరు ఉంటుందన్నా. కూర్చోబెట్టి అడిగితే చెబుతుంది" అనేవారు నాతో. నాకు ఆ మాటలు సగమే ఎక్కేవి. కానీ ఆయన మాట్లాడుతుంటే వినబుద్ధయ్యేది.

ఇక మా అర్ర గురించి చెప్పాలి. మా తాత కట్టించింది. ఇంటికి వెనక మూల ఉంటుంది. కిటికీ లేదు. ఇల్లంతటికీ గట్టి టేకు తలుపున్నది దానికొక్కదానికే, మిగతా వాటికి తడికలు. నేల మధ్యలో పాతిన రోలు. ఒక పక్క వెదురుతో అల్లిన వడ్ల గుమ్మి, ఇంకో పక్క విత్తనాల కుండలు. గోడ పైకప్పుదాకా ఉండదు, పెంకుల కింద మూరెడు సందు ఉంటుంది, గాలి ఆడటానికి. నేను పుట్టింది అందులోనే, నా బిడ్డ పుట్టిందీ అందులోనే. చలి వెనకబట్టాక రాలిన ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి, గోనెసంచులకెత్తి దాచేదీ అందులోనే. అడవి అంచున ఉన్న మా ఊళ్లలో ప్రతి ఇంటిదీ ఇదే పద్ధతి. విలువైనదంతా అర్రలోకి పోవాలి. భయం వస్తే మనిషి కూడా అర్రలోకే పోవాలి. ఈ రెండూ ఒకరోజు ఎదురుపడతాయని మా తాతముత్తాతలెవరికీ తోచలేదు.

నా బిడ్డ పదో తరగతి చదువుతున్న ఏడు అది. పరీక్షలు దగ్గరకొచ్చాయి. సందెవేళ సారు వసారాలో ఆమెకు పద్యం చెబుతున్నారు. నేను చేను దగ్గర ఉన్నాను, మా ఇంటామె బోరింగు దగ్గర. "గుడ్డెలుగొచ్చింది! గుడ్డెలుగు!" అని పక్క వాడలో కేకలు లేచాయి. ఎండాకాలం ఎలుగుబంటి ఊరి చుట్టూ తిరగడం మాకు కొత్త కాదు. కానీ అది కేకలకు బెదిరి నేరుగా మా వాకిట్లోకి మళ్లింది.

సారు క్షణం ఆలోచించలేదు. పిల్లను రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయి, అర్రలోకి తోసి, తానూ దూరి, తలుపు మూశారు. మూశాక చీకట్లో చేత్తో తడిమితే గడియ లేదు. గొళ్లెం బయట ఉంది. మా తాత దాచుకోవడానికి కట్టించిన అర్ర అది, వడ్లకూ విత్తనాలకూ లోపలి గడియ ఎందుకు? సారు తన గొడుగును తలుపు అడ్డబద్దకూ రోటికీ మధ్య ఏటవాలుగా బిగించి, వీపు ఆనించి నిలబడ్డారు.

అప్పుడు నా బిడ్డ మెల్లగా అన్నదట: "సార్, ఇప్పపువ్వు ఈడనే ఉంది."

ఆ తర్వాతి కాలంలో సారు ఈ ఘట్టం చెప్పి తానే పగలబడి నవ్వేవారు. "అన్నా, ఎలుగుబంటికి భయపడి దాని భోజనంలోకి దూరి తలుపేసుకున్న పండితుణ్ని నేనే!" అనేవారు. ఆ పూట నవ్వు లేదు. అది వాసన పట్టుకుని అర్ర దగ్గరికే వచ్చింది. తలుపును గోకింది. భుజంతో తోసింది. తోసినప్పుడల్లా గొడుగు ఊచ వంగి, రోలు మీద ఇంకా బిగుసుకుంది. సారు పిల్లను గుమ్మి పక్కన ఉన్న సంచుల మీదికి ఎక్కించి, పైనున్న సందులోంచి పువ్వును దోసిళ్లతో పెరట్లోకి విసరమన్నారు. ఆమె విసిరింది. ఏడుస్తూ విసిరింది. కొంతసేపటికి ఆ జంతువు ఇంట్లోంచి వెళ్లి, చుట్టూ తిరిగి, పెరట్లో పువ్వు తింటూ నిలబడింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి అది కనబడింది. జనం డప్పులు, రేకు డబ్బాలు కొట్టారు. చెత్తకు మంట పెట్టారు. అది అడవి దారి పట్టింది.

అబ్బ, నాకు ప్రాణం లేచొచ్చింది. తలుపు దగ్గరికి పోయి, "పోయింది బిడ్డా, రా!" అన్నాను.

తలుపు తెరుచుకోలేదు.

బయటి నుంచి ఎంత తోసినా గొడుగు అంత బిగుస్తోంది. లోపలి నుంచి సారు లాగితే ఊడిరాదు. నా బిడ్డ ఎలుగుబంటి ఉన్నంతసేపు పని చేసింది గానీ, ఇప్పుడు అరవడం మొదలుపెట్టింది. "నాయినా తియ్! నాయినా తియ్!" అని తలుపును అరచేతులతో బాదుతోంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. గట్టి టేకు అని మా తాత గొప్పగా చెప్పుకునే తలుపును నేను గోళ్లతో గీరాను.

ఆ గోలలోనే లోపలి నుంచి సారు గొంతు, బడిలో లాగే నిదానంగా: "తల్లీ, ఇటు విను. దీన్ని అర్ర అని ఎందుకంటారో తెలుసా?"

మా ఇంటామె నెత్తి కొట్టుకుంది. "ఓ సారూ, నీకు దండం పెడ్త! గిప్పుడా పాఠం?"

"ఇప్పుడేనమ్మా. మీరు పని కానివ్వండి, మేం పాఠం కానిస్తాం."

చివరికి మా వాడ వడ్రంగి ఇంటి మీదికెక్కి, పెంకులు తీసి, లోపలికి దిగి, రంపంతో అడ్డబద్ద కోసి తలుపు తీశాడు. బిడ్డ నా మీద వచ్చి పడింది. వెనకాల సారు, ఒళ్లంతా మట్టి, చేతిలో వంగిన గొడుగు.

ఎలుగుబంటి భయం ఆమెకు రాలేదు. తలుపు భయం వచ్చింది. ఇంట్లో పడుకోదు, వాకిట్లో మంచం వేయాలి. బస్సు లోపలికి పోదు, ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడుతుంది. స్నానాలకు తల్లి చీర అడ్డం పట్టుకోవాలి. తాయెత్తు కట్టించాను, దిష్టి తీయించాను. పరీక్ష మొదటి రోజు వడగాలికి ఎవరో హాలు తలుపు మూశారు. అంతే, కాగితం అట్లాగే వదిలేసి బయటికొచ్చి చెట్టు కింద నిలబడి వణికిపోతోంది. ఆ రోజు తెలుగు పరీక్ష. ఆ ఏడు పోయింది.

ఊళ్లో కొందరు పెళ్లి చేసేయమన్నారు. "పెండ్లయినంక ఏ అర్రల పండుకుంటది, వాకిట్లనా?" అని ఎగతాళి చేశారు ఇంకొందరు. ఆ మాట విని నా బిడ్డ పుస్తకాలన్నీ తెచ్చి సారు ముందు పెట్టి, "ఇంక నాతోటి కాదు సార్" అంది. చదువే కాదు, పిల్లే మా చేతిలోంచి జారిపోతున్నట్టుండేది.

సారు పుస్తకాలు తీసుకోలేదు. మరునాటి నుంచి బడి అయ్యాక వచ్చి, తానొక్కరే మా అర్రలో తలుపు తీసిపెట్టుకుని కూర్చునేవారు. గడప దగ్గర తలుపు పడకుండా ఆ వంగిన గొడుగు అడ్డం పెట్టేవారు. బాగు చేయించుకోమంటే, "వద్దన్నా, మమ్మల్ని లోపల బిగించేసింది ఇదే. ఇకనుంచి దీనికి కాపలా ఉద్యోగం" అన్నారు. బిడ్డ వాకిట్లో నుంచి చూసేది. కొన్నాళ్లకు నడింట్లోకి వచ్చింది. ఇంకొన్నాళ్లకు గడప మీద కూర్చుంది. ఆయన రమ్మని ఒక్కసారి కూడా అనలేదు. ఆ రోజు చీకట్లో సగంలో ఆగిన పాఠాన్ని అందుకున్నారు.

నాకు గుర్తున్నంత రాస్తాను, మీరు ఆయన దగ్గర ఇంకా బాగా విని ఉంటారు. అర్ర అన్నా, అర అన్నా ఒకటే మాట అని చెప్పారు. పెట్టెలో అర, బీరువాలో అర. పాత రాతలో బండి ర పెట్టి రాసేవారట. తమిళంలో గదిని ఇదే మాటతో పిలుస్తారట, మలయాళం వాళ్లు ధాన్యం దాచే ఇంటిని అంటారట. సగం అనే అర్థమున్న అరతో దీన్ని కొందరు కలుపుతారు గానీ, తనకు నమ్మకం చాలదని కూడా చెప్పారు. తెలియనిది తెలియదనేవారు, అది ఆయన గొప్ప. ఆముదం కాయ ఒలిచి అందులో మూడు అరలు చూపించారు. అడవి నుంచి తేనె తెచ్చేవాళ్లను అడిగి పట్టు ముక్క తెచ్చి, ఒక్కో గూడూ వేలితో తాకించారు. చింతకాయ విరిచి గింజ గింజకూ ఉన్న అర చూపించారు. "చూశావా తల్లీ, పెద్దదాంట్లో కొంచెం వేరుచేసి, పదిలంగా దాచుకునే చోటు. వేసి బిగించే చోటు కాదు. విలువ లేనిదానికి ఎవరూ అర కట్టరు" అన్నారు.

నా బిడ్డ ఊరుకునే రకం కాదు. గడప మీద కూర్చునే, "మరి జైళ్ల కూడ అర్రలే ఉంటయి గద సార్?" అంది.

నేను వాకిట్లో తాడు పేనుతూ విన్నాను. సారు చింతగింజ ఒకటి చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. పొద్దుగూకాక లేచి, అన్నం కూడా తినకుండా కొట్టంలోకి వెళ్లిపోయారు. "ఏమన్నవే సారును?" అని తల్లి బిడ్డను కసిరింది.

మర్నాడు బడి వదిలాక ఆయన ఒక్కరే రాలేదు, వడ్రంగిని వెంటబెట్టుకొచ్చారు. సంతలో కొన్న ఇనుప గడియ ఒకటి చేతిలో ఉంది. నన్ను చూసి, "అన్నా, మీ తాతగారి తలుపుకు కన్నాలు పొడవనిస్తారా?" అని అడిగారు. లోపలి వైపు, నా బిడ్డ చేతికి అందే ఎత్తులో దాన్ని బిగింపించారు. బయటి గొళ్లెం పీకేయించారు. వడ్రంగి నవ్వి, "దొంగలు పడ్తరు సారూ, గొళ్లెం లేకుంటే ఎట్ల?" అన్నాడు.

"పడితే పడనీయవయ్యా" అని, బిడ్డ వైపు తిరిగారు. "నిన్న నువ్వడిగింది నిజమే తల్లీ. రాత్రంతా ఆలోచించాను. మాటలో తప్పు లేదు, తలుపులో ఉంది. గడియ లోపలుంటే అది అర్ర. వేసుకోవాలో వద్దో నీ ఇష్టం. తీయడం ఎప్పుడూ నీ చేతిలోనే ఉంటుంది."

ఆమె లేచి వెళ్లి గడియను ముట్టుకుంది. వేయలేదు. కానీ ఆ రోజు గడప దాటి లోపల కూర్చుంది. నేను తాడు అక్కడ పడేసి పెరట్లోకి పోయి ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను.

గడియ ఉందన్న ధైర్యంతో లోపల కూర్చోవడం వేరు, దాన్ని వేసుకోవడం వేరు. అది ఆమె ఎప్పుడూ వేసుకోలేదు. తలుపు సందులో గొడుగు ఉండాలి, వేలెడు వెలుగు రావాలి. మరుసటి ఏడు పరీక్షకు ఆ గొడుగు పట్టుకునే వెళ్లింది. "పరీక్షకు ఛత్రి ఏందమ్మా, లోపల వాన పడ్తదా?" అని హాల్లో కాపలా ఉన్న సారెవరో అడిగితే, "తలుపు కాడ పెడ్త సార్, ఎవరికీ అడ్డం రాదు" అందట. పెట్టనిచ్చారు. ఆ మనిషెవరో గానీ ఆయన కడుపు చల్లగుండ. పాసైంది నా తల్లి! తర్వాత ఇంటర్, ఆ తర్వాత నర్సు పని నేర్చుకుంది. పెళ్లయింది. అల్లుడు మంచివాడు, మొదటి రోజే గొడుగు సంగతి అడిగి తెలుసుకుని, తానే తెచ్చి తలుపు సందులో పెట్టేవాడు. సారు రిటైరై వైరాలో ఉంటూ, పండగకో పబ్బానికో ఫోన్ చేసి, "ఏమ్మా, నా గొడుగు ఉద్యోగంలోనే ఉందా, రిటైర్ అయిందా?" అని అడిగేవారు. "ఇంక సర్వీసుంది సార్" అనేది నా బిడ్డ.

అందుకే భద్రాచలంలో డాక్టరమ్మ ఆపరేషన్ అనగానే నేను ముందు ఆ గది తలుపుల వైపు చూశాను. నర్సు గొడుగు లోపలికి తేవద్దంది. నా బిడ్డ స్ట్రెచర్ మీద పడుకుని ఆ తలుపులను చూసింది, గొడుగును చూసింది. "నీ కాడ ఉంచు నాయినా" అని నా చేతిలో పెట్టింది. తలుపులు మూశారు. సందు లేదు. వెలుగు లేదు. ఆ తలుపుల ముందు కూర్చునే నేను సారు చావు విన్నది.

కొంతసేపటికి ఆమెను బయటికి తెచ్చారు. మొహం వాడిపోయింది గానీ నన్ను చూసి నవ్వింది. అడిగిన మొదటి మాట ఇది: "సారుకు చెప్పినవా?"

మా ఇంటామె నా చేయి గిచ్చింది.

"చెప్పిన బిడ్డా" అన్నాను. అబద్ధం కాదది. ఆయన ఫోన్లోకి అరిచి మరీ చెప్పాను.

"ఏమన్నడు?"

"ముందు నువ్వు పండుకో" అన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు. ఇంటికి తెచ్చుకున్నాం. చుట్టాలొచ్చారు. నేను పిల్లను ఎత్తుకుని వాడంతా తిప్పాను, కనబడ్డ ప్రతివాడికీ చూపించాను. నా బంగారు తల్లి, ఆవలిస్తే కూడా నాకు పండగే! కానీ ఆ సంతోషం వెనక ఇంకొకటి, గుమ్మిలో ఎలుక లాగా, లోపల తిరుగుతూనే ఉంది. పెరట్లోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి నవ్వేవాణ్ని. వైరాలో అన్నీ జరిగిపోయాయి, ఒక్క పిడికెడు మట్టి కూడా వేయలేకపోయాను.

పురుడు వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం మా ఇంటామె అలసి నిద్రపోయింది. బిడ్డ పసిదాన్ని ఎత్తుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాయినా, సారు ఎన్నడు పోయిండు?"

"ఎవరు చెప్పిన్రు బిడ్డా?"

"ఎవరు చెప్పాలె? ఆడపిల్ల పుట్టిందంటే ఆ పూటకే ఫోన్ చేసి, పేరుకు ఇన్ని మాటలు ఏరి, ఏ మాట ఏ ఊరిదో చెప్పకుంట ఊకుంటడా సారు? ఇన్ని రోజులకు ఒక్క ఫోన్ లేదు."

"అది పుట్టిన పొద్దున్నే బిడ్డా. ముందే అడగకపోతివి?"

"నువ్వు దాన్నెత్తుకుని నవ్వుకుంట తిరుగుతుంటివి. చెడగొట్టబుద్ధి కాలే."

అంటే ఇన్నాళ్లూ నా కోసం ఆమె, ఆమె కోసం నేను నోరు మూసుకుని తిరిగామన్నమాట. ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం. పసిది నిద్రలో మూతి ముడిచింది. "దవాఖానల తలుపులు మూసినంక భయమైందా?" అని అడిగాను.

"అయింది. అప్పుడు సారు విరిచిన చింతకాయ యాదికొచ్చింది, గింజకో అర" అంది.

పసిది లేచి ఏడుపందుకుంది. బిడ్డ దాన్ని భుజాన వేసుకుని అర్రలోకి నడిచింది. నేను అలవాటు కొద్దీ లేచి, గొడుగు తెచ్చి గడప దగ్గర అడ్డం పెట్టాను. ఆమె వంగి దాన్ని తీసి, దుమ్ము తుడిచి, నా చేతికిచ్చింది.

"నీ కాడ ఉంచు నాయినా. దీనికి పాలిచ్చి మేం కొంచెంసేపు పండుకుంటం."

తలుపు దగ్గరికి పడింది. తర్వాత లోపల ఇనుము ఇనుమును రాసుకుంటూ కిర్రుమన్న చప్పుడు. ఏళ్ల తుప్పు కదా, కొంచెం మొరాయించి, చివరికి పడింది గడియ. బిగించిన నాటి నుంచి ఆ చప్పుడు మా ఇంట్లో అదే మొదటిసారి.

గొడుగు ఒళ్లో పెట్టుకుని గడప బయట కూర్చున్నాను. లోపల పసిదాని ఏడుపు ఆగి, పాలు తాగే చిన్న చప్పుడు మొదలైంది. ఇప్పపువ్వు దాచడం మానేసి ఎన్నో ఏళ్లయినా, తలుపు చెక్కల్లోంచి ఆ తీపి వాసన వస్తూనే ఉంది. నా బిడ్డ గొంతు, నిదానంగా, బడిలో లాగా వినిపించింది: "ఏడ్వకు తల్లీ. ఇది అర్ర."